దేవునికి చోటు: కొంత సమయం పక్కన పెట్టడమా, రోజంతా ఆయనతో నడవడమా?

వెలుగుబాట
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా ఇంట్లో ఎంతకీ తెగని ఒక వాదన మీ ముందు పెడుతున్నాను. మా ఆయన తెల్లవారకముందే లేచి, తలుపేసుకుని, వాక్యం చదివి, మోకరించి ప్రార్థన చేసుకున్నాకే ఇంకే పనైనా ముట్టుకుంటారు. నాకు అలా కుదరదు. ప్రార్థనకని కూర్చుంటే చాలు, చేయాల్సిన పనులన్నీ వరసగా గుర్తొస్తాయి. పని చేసుకుంటూ మనసులో మాట్లాడుకుంటేనే ప్రభువు దగ్గరున్నట్టు అనిపిస్తుంది. "నీది సాకు" అంటారు ఆయన. "మీది హాజరు వేయించుకోవడం" అంటాను నేను. ఇద్దరం నవ్వుకుంటాం గానీ, ఆ మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది.

దేవునికి చోటివ్వడమంటే ఆయనకని కొంత సమయం విడిగా పెట్టడమా, రోజంతా ఆయనతో నడవడమా? దయచేసి "రెండూ" అని తేల్చేయకండి, ఆ సంగతి నాకూ తెలుసు. మొదటిది లేకుండా రెండోది నిలుస్తుందా? నా ప్రశ్న అదీ.

పాతబైబిల్
నిలవదమ్మా. మార్కు 1వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదువు. అది విశ్రాంతి దినం. కపెర్నహూము సమాజమందిరంలో బోధ, అక్కడే దయ్యం పట్టినవాడి గొడవ, తర్వాత సీమోను అత్తగారి జ్వరం. పొద్దుగుంకేసరికి పట్టణమంతా తలుపు దగ్గర పోగైంది. అంత అలసటైన రోజు గడిచాక, మర్నాడు "ఇంకను చాలా చీకటి యుండగానే" ప్రభువు లేచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్ళిపోయాడు.

మనం సాధారణంగా అక్కడ ఆపేసి, పెందలాడే లేవాలని ప్రసంగం చేస్తాం. అసలు సంగతి ఆ తర్వాతి వచనాల్లో ఉంది. సీమోను, తోటివాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి, అందరూ నిన్ను వెదకుచున్నారు అన్నారు. ఆయన వెనక్కి రాలేదు. పక్క ఊళ్ళకు వెళ్దాం, అక్కడ కూడా ప్రకటించాలి, నేను వచ్చిందే అందుకు అన్నాడు. జనం ఆయన కోసం ఒక రోజును సిద్ధం చేసి పెట్టారు. ప్రార్థన నుంచి లేచేసరికి ఆయన చేతిలో వేరే రోజు ఉంది. విడిగా కూర్చునే సమయం లేకపోతే మన రోజేమిటో మనల్ని వెతికేవాళ్ళే నిర్ణయిస్తారు.

దానియేలు సంగతీ అంతే. ముప్పై రోజుల పాటు రాజుకు తప్ప ఎవరికీ మొర పెట్టకూడదని, పెడితే సింహాల గుహలో పడేస్తారని శాసనం వచ్చింది. రోజంతా మనసులో మాట్లాడుకుంటే సరిపోయేదైతే ఆ ముప్పై రోజులూ అలాగే గడిపేసేవాడు, ఎవరికీ తెలిసేది కాదు. సింహాల జోలికి పోనక్కరలేదు. ఆయన మాత్రం ఎప్పటిలాగే యెరూషలేము వైపు కిటికీలు తెరిచి, రోజుకు మూడుసార్లు మోకరించాడు.

రెండుకాసులు
అంకుల్, మీరు చెప్పింది కాదనను. కానీ చంటిబిడ్డ ఉన్న తల్లికి "పెందలకడనే" అనే వేళ ఒకటి ఉండదు. రాత్రి ఎక్కడ అయిపోయిందో, పొద్దు ఎక్కడ మొదలైందో తెలిస్తే కదా!

ఏలీయా ప్రవక్త కథ నాకు పెద్ద ఊరట. ఇక నా ప్రాణం తీసేయమని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దూత వచ్చి ప్రార్థన చేయమని చెప్పలేదు. లేచి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే, రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. హోరేబు కొండ, ఆ మెల్లని స్వరం, అవన్నీ తర్వాతి సంగతులు. దేవునికి ఆయన బడలిక ముందు కనబడింది.

రాత్రి బిడ్డకు పాలిచ్చేటప్పుడు ఫోన్ వెలుగు పడితే వాడు పూర్తిగా లేచి కూర్చుంటాడు. అందుకని చీకట్లోనే 23వ కీర్తన నోటికి చెప్పుకుంటాను. "నా గిన్నె నిండి పొర్లుచున్నది" దాకా ఇంతవరకు రాలేదు. పచ్చికగల చోట్ల దగ్గరే ఇద్దరిలో ఎవరో ఒకరం నిద్రపోతాం 😄 ప్రస్తుతానికి నా ఏకాంత ప్రార్థన అదే. దీన్ని సాకు అంటే మాత్రం ఒప్పుకోను.

పాతబైబిల్
దాన్ని సాకు అనే ధైర్యం నాకు లేదు తల్లీ. తన ప్రియులు నిద్రపోతుండగా ఆయన ఇస్తాడని 127వ కీర్తనలో ఉండనే ఉంది. నేను చెప్పింది ఒంట్లో ఓపిక, చేతిలో వేళ ఉండి కూడా కూర్చోనివాళ్ళకు.

గోడకట్టేవాడు
వెలుగుబాట అక్కా, మీ ప్రశ్నకు సూటి జవాబు నెహెమ్యా గ్రంథంలో ఉందని నా అభిప్రాయం.

2వ అధ్యాయం. నెహెమ్యా యూదుడు, పారసీక రాజుకు ద్రాక్షారసం అందించేవాడు. ముఖం ఎందుకు వాడిపోయిందని రాజు అడుగుతాడు. ఈయన భయపడుతూనే కారణం చెప్తాడు. సరే, నీకేం కావాలని రాజు మళ్ళీ అడుగుతాడు. ఆ ప్రశ్నకీ ఈయన జవాబుకీ మధ్య "ఆకాశమందలి దేవునికి" ప్రార్థన చేశానని రాసుకున్నాడు. రాజు ఎదురుగా నిలబడి ఉన్నాడు, గిన్నె ఇంకా చేతిలోనే ఉందేమో. కళ్ళు మూసుకునే వీలు కూడా ఉండదు. మహా అయితే ఒక ఊపిరి పట్టినంతసేపు.

పనిలో ప్రార్థన అంటే ఇదేనని మనం మురిసిపోతాం. ఒక అధ్యాయం వెనక్కి వెళ్తే లెక్క మారుతుంది. యెరూషలేము ప్రాకారం కూలిపోయి ఉందన్న కబురు వచ్చింది కిస్లేవు నెలలో. రాజుతో ఈ మాటలు నీసాను నెలలో. మధ్యలో సుమారు నాలుగు నెలలు. కబురు విన్న రోజు నుంచే ఏడుపు, ఉపవాసం, రాత్రీ పగలూ ప్రార్థన. ఆ ఒక్క ఊపిరి ప్రార్థన వెనక అంత ఉంది. అందుకే నోరు తెరిచేసరికి ఉత్తరాలు, కలప, ఎన్నాళ్ళు పడుతుంది, అన్నిటికీ జవాబు సిద్ధంగా ఉంది.

నా అనుభవమూ ఇంతే. కోపంగా టైప్ చేసిన మెయిల్‌కి సెండ్ నొక్కబోతూ "ప్రభువా" అని ఒక్క క్షణం ఆగడం ఉదయం వాక్యం దగ్గర కూర్చున్న రోజుల్లో దానంతటదే వస్తుంది. కూర్చోని రోజుల్లో, మెయిల్ వెళ్ళిపోయాక ప్రభువు గుర్తొస్తాడు.

సూటిమాట
అందరూ సమయం గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆ లెక్కే నచ్చదు.

నేను పనిచేసిన ఒకచోట పై అధికారి తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థన చేసేవాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పేవాడు. తొమ్మిదింటికి వచ్చి కిందివాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టేవాడు. ఆయన రోజులో దేవునికి గంట ఉంది. నోటిలో, కోపంలో, జీతాలు ఇచ్చే చేతిలో మాత్రం చోటు లేదు.

యెషయా 58 చదవండి. ఉపవాసం ఉండి, తలవంచుకుని, గోనె పరచుకుని కూర్చున్నవాళ్ళతోనే దేవుడు పేచీ పెట్టుకున్నాడు. ఉపవాసం రోజునే మీ పనివాళ్ళ చేత కఠినంగా పని చేయిస్తున్నారు అన్నాడు. ఇంకో సంగతి. "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అన్న వచనం మనం ఎప్పుడూ రక్షణ పొందనివారికి చెప్తాం. ప్రకటన గ్రంథంలో అది లవొదికయ సంఘానికి రాసిన ఉత్తరం. ఆ సంఘం తనకు ఏమీ కొదువ లేదనుకుంటోంది. ఆరాధనలు జరుగుతూనే ఉండి ఉంటాయి. ప్రభువు మాత్రం బయట నిలబడి తడుతున్నాడు.

పాతబైబిల్
యెషయా 58 ముందు ఎవరం నిలవగలం బ్రదర్! ఒప్పుకుంటాను. అయితే ఒక మాట. ఆ అధికారి ప్రార్థన మానేస్తే తిట్లు తగ్గేవా?

సూటిమాట
తగ్గేవి కావు. ప్రభువుకి చెడ్డపేరన్నా తప్పేది.

జపగంట
మా కథోలిక సంప్రదాయంలో ఈ ప్రశ్న మీద పదిహేను వందల ఏళ్ళ అనుభవం ఉంది కాబట్టి నాలుగు మాటలు.

ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్ట్ మఠవాసుల కోసం ఒక నియమావళి రాశాడు. ప్రార్థనకు పిలుపు వినబడగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వెళ్ళాలి, దైవారాధన కంటే ఏదీ ముందు కాకూడదు అంటుంది. ఇక్కడిదాకా పాతబైబిల్ గారికి సంతోషమే. కానీ అదే నియమావళిలో, మఠం సామాన్లు చూసుకునే సహోదరుడికి ఇంకో ఆదేశం ఉంది. అక్కడున్న పాత్రలనూ వస్తువులనూ అన్నిటినీ బలిపీఠం మీది పవిత్ర పాత్రల్లా చూడాలి. వచ్చిన అతిథిని క్రీస్తునే చేర్చుకున్నట్టు చేర్చుకోవాలి. గంట కొట్టగానే పని వదిలేయమన్న మనిషే, పనిలో ఉన్నప్పుడు పారని, తొట్టిని పూజ్యంగా పట్టుకోమన్నాడు.

ఇక బ్రదర్ లారెన్స్. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెల్ మఠంలో వంటింట్లో పనిచేశాడు. ముందు సైనికుడు, గాయపడి వచ్చినవాడు. వంటపని ఆయనకు స్వభావరీత్యా గిట్టేది కాదు. అయినా ఆ గిన్నెల మధ్యే దేవుని సన్నిధిని అభ్యాసం చేశాడు. పని వేళకీ ప్రార్థన వేళకీ తనకు తేడా లేదనేవాడు. ఈయన్ని చూపించి, విడిగా ప్రార్థన అక్కర్లేదనే వాళ్ళున్నారు. పెద్దలు నియమించిన ప్రార్థన వేళకు ఆయన రోజూ వెళ్ళేవాడని వాళ్ళు చెప్పరు. ఆ వేళను ఆయన కోరుకోలేదు, ఎగ్గొట్టనూ లేదు. పైగా ఈ అభ్యాసం కుదరడానికి ఏళ్ళు పట్టిందని తానే చెప్పాడు.

సత్యవాక్యం77
మఠాలు, నియమావళులు మనకెందుకు? మత్తయి 6:7 చదవండి. చెప్పిందే చెప్పే ప్రార్థనలు వ్యర్థమని ప్రభువే అన్నాడు. జపమాల తిప్పితే దేవునికి చోటిచ్చినట్టా?

జపగంట
అదే ప్రభువు గెత్సేమనేలో మూడోసారి కూడా "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థన చేశాడని మత్తయి 26లో ఉంది సహోదరా.

నిర్వాహకుడు
ఈ వాదన ఇక్కడ ఆపేద్దాం. శాఖాభేదాల చర్చకు వేరే విభాగం ఉంది. వెలుగుబాట గారి ప్రశ్న దాటి వెళ్ళకండి. సత్యవాక్యం గారూ, జపగంట గారూ, ఇద్దరికీ వందనాలు.

తొలిసారి
చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. మీ చర్చ చదువుతుంటే బాధగా ఉంది. నేను ఉదయం లేస్తాను. చదువుతాను. ప్రార్థిస్తాను. ఆదివారం మానను. అమ్మ పోయినప్పటి నుంచి ఏమీ అనిపించదు. గోడతో మాట్లాడినట్టుంది. చోటు ఇచ్చాను, ఎవరూ రాలేదు. ఇలాంటివాళ్ళకి మీ దగ్గర ఏమన్నా ఉందా?

గోడకట్టేవాడు
బ్రదర్ (సిస్టరో తెలియదు, క్షమించండి), "విశ్వాసం పెంచుకోండి" అని మాత్రం మీకు చెప్పను. అమ్మ గురించి విని బాధగా ఉంది.

జపగంట
మదర్ థెరిస్సా ఉత్తరాలు 2007లో బయటికి వచ్చినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. ప్రార్థనలో దేవుడు లేడన్నట్టుండే చీకటి ఆమెను దాదాపు యాభై ఏళ్ళు వదల్లేదు. రోజూ తెల్లవారకముందే లేచి ప్రార్థనకు కూర్చునేది, తర్వాత రోగుల దగ్గరికి వెళ్ళేది. ఏమీ అనిపించకపోవడం మీ తప్పని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండుకాసులు
బిడ్డ పడుకున్నాడు, కాస్త పెద్దగా రాస్తాను.

దేవునికి చోటు అనగానే నాకు గుర్తొచ్చేది రెండో రాజుల గ్రంథం 4వ అధ్యాయంలోని షూనేమీయురాలు. అంటే షూనేము అనే ఊరి స్త్రీ. ఎలీషా ప్రవక్త ఆ దారిన వెళ్తూ వాళ్ళింట్లో భోజనం చేసేవాడు. ఆమె భర్తతో అంటుంది: ఈయన భక్తిగల దైవజనుడు, మేడ మీద చిన్న గది కట్టిద్దాం, అందులో మంచం, బల్ల, పీట, దీపస్తంభం పెడదాం, వచ్చినప్పుడల్లా ఉంటాడు అని. ఆ నాలుగే వస్తువులు. ఒక మనిషికి పడుకోవడానికి, కూర్చోవడానికి, చదువుకోవడానికి ఏం కావాలో ఆలోచించి పెట్టింది. ఎలీషా ఎప్పుడో ఒక రోజు వచ్చేవాడు. మిగతా రోజులు ఆ గది ఖాళీయే. మంచం వేసే ఉంటుంది, మనిషి ఉండడు. అలాగని తీసేయలేదు.

నీకేం చేయమంటావని ఎలీషా అడిగితే, రాజుతో మాట్లాడమంటావా అని కూడా అడిగితే, నా స్వజనుల మధ్య నేను బాగానే ఉన్నానంది. ఏదో ఆశించి కట్టిన గది కాదది. తర్వాత కొడుకు పుట్టాడు. పెద్దవాడవుతున్నాడు. ఒకరోజు పొలంలో "నా తలపోయెనే" అన్నాడు, ఇంటికి తెచ్చారు, మధ్యాహ్నం దాకా తల్లి తొడ మీదే ఉండి చనిపోయాడు. అప్పుడామె ఏం చేసింది? బిడ్డను ఎత్తుకుని మేడ ఎక్కి, దైవజనుడి మంచం మీద పడుకోబెట్టి, తలుపు వేసింది. గాడిదకు జీను వేయించుకుని దేవుని మనిషి దగ్గరికి బయల్దేరింది. కొడుకును నేను అడిగానా, నన్ను మోసపెట్టొద్దని చెప్పలేదా అని ఆయన ముఖం మీదే అడిగింది.

బాగున్న రోజుల్లో కట్టుకున్న గది లేకపోతే ఆ మధ్యాహ్నం ఆ శవాన్ని ఎక్కడికి మోసుకెళ్ళేది? తొలిసారి గారూ, మీరు రోజూ లేచి కూర్చునేది ఆ గదే అనుకుంటున్నాను. ఖాళీగా ఉంది, నిజమే. ఆమె లోపలికి స్తుతి తీసుకెళ్ళలేదు, చనిపోయిన కొడుకును తీసుకెళ్ళింది. మీరూ అమ్మను తీసుకెళ్ళండి. కోపం ఉంటే కోపాన్ని తీసుకెళ్ళండి.

పాతబైబిల్
పై మాటలకు ఆమేన్. తొలిసారి గారికి ఒక్కటే చెప్తాను. 88వ కీర్తన చదవండి. చాలా విలాప కీర్తనలు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. కింద ఓదార్పు వచనం ఎవరూ అతికించలేదు. దాన్ని అలాగే గ్రంథంలో ఉంచారు.

వెలుగుబాట
ఇదంతా మా ఆయనకు చదివి వినిపించాను. షూనేమీయురాలి దగ్గర ఇద్దరం మాట్లాడలేకపోయాం. గోడకట్టేవాడు తమ్ముడు చెప్పిన నాలుగు నెలల లెక్క నాకు బాగా పట్టింది. యెషయా 58 ఆయనకు పట్టినట్టుంది, ఏమీ అనలేదు గానీ పొద్దున ప్రార్థన మధ్యలో పిల్లవాడు తలుపు తడితే విసుక్కోకుండా లోపలికి పిలిచారు.

సరే, కూర్చుంటాను. మనసు పరిగెత్తడం సంగతేమిటి? దానికి మందు చెప్పండి.

పాతబైబిల్
1535లో ప్రొటెస్టంట్ సంస్కర్త మార్టిన్ లూథర్‌ని ఆయన మంగలి పీటర్ సరిగ్గా ఇదే అడిగాడు, ప్రార్థన ఎలా చేయాలని. లూథర్ ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. మంచి మంగలి దృష్టి కత్తి మీద, వెంట్రుకల మీద ఉండాలి, కబుర్లలో పడితే ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనా అంతే అన్నాడు. ఆ మంగలికి ఇంతకంటే బాగా ఎలా చెప్తారు!

ఆయన చూపిన పద్ధతి తేలిక. పది ఆజ్ఞల్లో ఒకటి తీసుకో. ఇది నాకేం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏం ఒప్పుకోవాలి, ఏం అడగాలి? ఈ నాలుగూ ఆయనతో మాట్లాడు. మధ్యలో ఒక ఆలోచన దగ్గర మనసు లోతుగా ఆగిపోతే మిగతావి వదిలేసి అక్కడే ఉండిపో, పరిశుద్ధాత్మ మాట్లాడుతుంటే నువ్వు మాట్లాడకు అన్నాడు. మనం జాబితా పూర్తిచేయాలనే తొందరలో అదే మరిచిపోతాం.

గోడకట్టేవాడు
అక్కా, నాది చిన్న చిట్కా. పక్కన ఒక కాగితం పెట్టుకోండి. గుర్తొచ్చిన పని దాని మీద రాసేసి మళ్ళీ వాక్యంలోకి రండి. రాసేస్తే ఇక మర్చిపోతానన్న టెన్షన్ ఉండదు. చివర్లో ఆ కాగితాన్నే ప్రార్థనలో పెట్టండి. ఫోన్‌లో బైబిల్ చదివితే మాత్రం ముందు నెట్ ఆపేయండి, లేకపోతే ఆదికాండంలో మొదలై ఎవరి పెళ్ళి ఫోటోల్లోనో తేలతాం.

సూటిమాట
నేను ఉదయం మనిషిని కాదు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఎవరితో ఎలా మాట్లాడానో ప్రభువు ముందు వెనక్కి తిప్పి చూసుకుంటాను. ఎవరికి సారీ చెప్పాలో తెలుస్తుంది. మర్నాడు చెప్పడం కష్టంగా ఉంటుంది, అది వేరే సంగతి.

జపగంట
సూటిమాట గారూ, 16వ శతాబ్దంలో మా కథోలిక పునీతుడు ఇగ్నేషియస్ లొయోలా తన సహచరులకు నేర్పింది దాదాపు ఇదే. ముందు కృతజ్ఞత, తర్వాత రోజును వెనక్కి చూడటం, క్షమాపణ, రేపటి కోసం కృప అడగడం. మీరు తెలియకుండానే మావాళ్ళయ్యారు 🙂

సూటిమాట
నిర్వాహకుడు గారు చూస్తున్నారు, జాగ్రత్త.

సత్యవాక్యం77
ఏడాదిలో బైబిల్ అంతా చదివే పట్టిక ఎవరికైనా కావాలంటే పంపుతాను. మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు చదివితే సరిపోతుంది. జపగంట గారికి కూడా పంపుతాను, అభ్యంతరం లేకపోతే.

రెండుకాసులు
నాకొద్దు బ్రదర్, నేను పచ్చికగల చోట్లే ఇంకో ఏడాది ఉంటాను.

తొలిసారి
అందరికీ వందనాలు. సిస్టర్‌నే. 88వ కీర్తన గట్టిగా చదివాను. రాసినాయనకు చాలా కోపంగా ఉంది, నాకంటే ఎక్కువ. అయినా ప్రతిదినం మొర పెడుతున్నానంటున్నాడు. అమ్మ పోయాక ఏడ్చింది లేదు, నిన్న ఏడ్చాను. అంతకుమించి ఏమీ జరగలేదు. ఇప్పుడు 89 చదవమంటారా?

పాతబైబిల్
తొందరేం లేదమ్మా. రేపు కూడా 88నే చదువు.